చేతులు కాలకముందే

ఉద్యానమనే సంస్కృత పదమే మా ప్రాంతంలో ఉద్దానమైనదని తరగతిలో పిల్లలకు ఉదాహరణగా చెప్పేవాడిని. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస పరిసరాలలోని కొబ్బరి, జీడి, పనస తోటలను చూసినవారికి ఆ వ్యుత్పత్తిని వేరుగా వివరించనక్కరలేదు. మా సీమను రెండవ కోనసీమ అనడం పరిపాటి. అందువల్లనే కాబోలు, కోనసీమలో కొబ్బరితోట మాడిపోయిందని వింటే ఉద్దానంవాడి మనసు కలుక్కుమంటుంది.

1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ తవ్వుతున్న సహజవాయువు బావి అదుపు తప్పి మంటలు లేచాయి. బావి తవ్వేటప్పుడు చిక్కని బురదను లోపలికి పంపుతారు. రాతిపొరలలో బందీగా ఉన్న వాయువును అణచి ఉంచేది ఆ బురద బరువే. వాయుపీడనం ఆ బరువును మించిందా, ఇక బావి మనిషి మాట వినదు. విదేశీ నిపుణులను రప్పించినా ఆ అగ్ని చల్లారేసరికి మార్చి నెల నడిమికి వచ్చింది. రెండు నెలలకు పైగా ఊళ్లకు ఊళ్లు రాత్రిని ఎరుగలేదు.

ఆ తరువాత పంతొమ్మిదేళ్లకు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, దానికి చేరువలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ వాయువు గొట్టం పేలింది. ఇరవైమందికి పైగా అసువులు బాశారు. పొడివాయువు కోసం వేసిన గొట్టంలో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడివాయువు ప్రవహించిందనీ, లోపలినుండి తుప్పు తినివేసిందనీ విచారణలో తేలింది. గొట్టం కారుతున్నదని అంతకుముందే మొరపెట్టుకున్నామని గ్రామస్థులు వాపోయారు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ ఆయువుపట్టు ఆ మాటే.

ఇక మా తీరానికి వస్తాను. ఇక్కడ తలపెట్టినవి వాయువు బావులు కావు, బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలు. ఇంధనం వేరైనా ప్రశ్న ఒక్కటే. సోంపేట బీల నీటితోనే అక్కడివారి వరిసాగు, చేపలవేట, పశువుల మేత సాగుతాయి. కాగితాలకు మాత్రం అది పనికిరాని నేలగా కనిపించింది. ఆ బీల పోతే మా గతి ఏమిటని పునాది పడకముందే జనం అడిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు నేలకొరిగారు. అదేనాడు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. తీర్పు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అన్న తలపు నన్ను నేటికీ వదలలేదు. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి చేరువలోని కాకరాపల్లిలో మరల కాల్పులు, మరల ఇద్దరు.

దేశానికి విద్యుత్తు వద్దని గానీ, వంటింటికి వాయువు వద్దని గానీ నేననను. ఈ నాలుగు పంక్తులు వ్రాస్తున్న యంత్రమూ విద్యుత్తుతోనే నడుస్తున్నది. నేను చెప్పదలచినది ఒక్కటే. నగరంవారు గొట్టం కారుతున్నదన్నారు, సోంపేటవారు బీల ఎండుతుందన్నారు. ఇద్దరూ ముందే చెప్పారు. నేల సంగతి నేలమీద బ్రతికేవాడికి తెలిసినంతగా కాగితానికి తెలియదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమెందుకని మన పెద్దలు ఏనాడో అన్నారు. కాలకముందే కేకవేసినవాడి మాట చెవినబెట్టడం మనం ఇంకా నేర్వవలసి ఉంది.