మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ తగ్గట్లేదా? ఈ రక్త పరీక్ష గురించి తెలుసుకోండి

బీపీ వచ్చిందంటే ఉప్పు తగ్గించడం, మాత్ర వేసుకోవడం.. చాలామందికి తెలిసింది ఇంతే. కానీ మూడు రకాల మాత్రలు వాడుతున్నా 140/90 కిందకు దిగట్లేదంటే, అసలు కారణం కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఉండొచ్చు.

ఈ గ్రంథులు విడుదల చేసే ఆల్డోస్టిరాన్ హార్మోన్ సోడియంను ఒంట్లో ఆపేసి, పొటాషియంను మూత్రంలో బయటకు పంపుతుంది. మామూలుగా బీపీ పడిపోతే కిడ్నీలు రెనిన్‌ను వదులుతాయి. దాని ప్రభావంతోనే ఆల్డోస్టిరాన్ పెరుగుతుంది. రెనిన్ బాగా తగ్గినా ఆల్డోస్టిరాన్ తగ్గట్లేదంటే గ్రంథి అదుపు తప్పిందన్నమాట. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్ జెరోమ్ కాన్ 1955లో దీన్ని వివరించారు. అందుకే కాన్స్ సిండ్రోమ్ అంటారు. మామూలు బీపీతో పోలిస్తే ఇందులో గుండెకు, మెదడుకు ముప్పు ఎక్కువ. పొటాషియం తగ్గితేనే ఈ జబ్బు అనుకోవద్దు, చాలామందిలో అది నార్మల్‌గానే ఉంటుంది.

ల్యాబ్‌లో రెండు హార్మోన్లూ కొలిచి వాటి నిష్పత్తి చూస్తారు. దీన్నే ఏఆర్ఆర్ అంటారు. బీపీ ఉన్న అందరికీ ఈ స్క్రీనింగ్ చేయాలని అమెరికాకు చెందిన ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది.

అసలు తిరకాసు శాంపిల్ దగ్గరే. పొద్దున్నే మంచం దిగి నేరుగా వెళ్లి రక్తం ఇస్తే కుదరదు. లేచి కనీసం 2 గంటలు తిరిగాక, 5 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టి తీయాలి. రెనిన్ శాంపిల్‌ను ఐస్‌లో పెట్టకూడదు. చల్లదనానికి ప్రోరెనిన్ కాస్తా రెనిన్‌గా మారి లెక్క తప్పుతుంది. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లేవాళ్లను ఈ విషయం అడగాల్సిందే.

మందులూ రిపోర్టును మారుస్తాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి రెనిన్‌ను తగ్గించి లేని జబ్బును ఉన్నట్టు చూపొచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి రెనిన్‌ను పెంచి ఉన్న జబ్బును దాచేయొచ్చు. స్పైరోనొలాక్టోన్ వాడుతుంటే సాధారణంగా 4 వారాల ముందే ఆపిస్తారు. అలాగని సొంతంగా మాత్రలు మానేయడం ప్రమాదం. ఏది ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. దగ్గుకని అతిమధురం నమిలే అలవాటుంటే అదీ దాచకండి. అది ఒంట్లో ఆల్డోస్టిరాన్ పెరిగినట్టే పనిచేసి బీపీని పెంచుతుంది.

ఒక్కో ల్యాబ్ ఒక్కో యూనిట్‌లో రిపోర్ట్ ఇస్తుంది కాబట్టి నెట్‌లో కనిపించే నంబర్‌తో పోల్చుకుని కంగారు పడొద్దు. తేడా ఉందనిపిస్తే డాక్టర్లు మరికొన్ని పరీక్షలు, సీటీ స్కాన్ చేయిస్తారు. ఒక గ్రంథిలోనే సమస్య ఉంటే ఆపరేషన్‌తో దాన్ని తీసేస్తారు, కొందరికి ఆ తర్వాత బీపీ మాత్రల అవసరమే ఉండదు. రెండింట్లోనూ ఉంటే స్పైరోనొలాక్టోన్ లాంటి మాత్రలతో అదుపు చేస్తారు.