చెట్లు హద్దురాళ్ళయిన చోట

సర్వే శాఖలో గుమాస్తాగిరీ చేసిన మిత్రులకు గుంటర్ గొలుసు గుర్తుండే ఉంటుంది. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మా రికార్డు గదిలోని పాత ఎఫ్.ఎం.బి.లలో కొలతలన్నీ లింకుల్లోనే ఉండేవి. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ రూపొందించిన ఆ గొలుసే అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ కొండలకూ వెళ్ళింది. గొలుసు ఒకటే. రికార్డు మాత్రం వేరు.

మన రైత్వారీ గ్రామాల్లో ప్రభుత్వమే ఊరంతా కొలిపించి, రాళ్ళు పాతించి, సర్వే నెంబర్లు వేయించింది. అక్కడ తలక్రిందులు. కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం. 1779 చట్టం ప్రకారం 100 ఎకరాలకు 40 పౌన్లు కట్టి వారంటు పుచ్చుకున్నవాడు, భూమి ఎక్కడుందో తానే వెతుక్కుని, ఎంట్రీ రాయించి, సర్వే చేయించి, పట్టా తెచ్చుకోవాలి. అది ఇంకొకరి భూమి మీద పడిందేమో సరిచూడడానికి గ్రామ నక్షా లేదు. ఇంటి మీది పెంకుల్లా ఒకే నేల మీద రెండు మూడు పట్టాలు పేరుకున్నాయి.

ఇక చెక్కుబందీ చూడండి. వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు మొదలు, దిక్సూచి చూపిన దిశలో ఇన్ని ‘పోల్స్’ (పోల్ అంటే గొలుసులో నాలుగో వంతు) పోగా రెండు చెస్ట్‌నట్ చెట్లు, అక్కడినుంచి కొండ అంచు వెంట ఫలానావారి హద్దు వరకు. ఇదీ వరస. మూలచెట్టుకు గొడ్డలితో గాట్లు పెట్టేవారు. వాగు దారి మార్చుకుంటుంది. దిక్సూచి చూపే ఉత్తరం కూడా ఏళ్ళు గడిచేకొద్దీ జరుగుతుంది. పైగా 1904లో న్యూయార్కులో కనబడిన తెగులు నలభై యాభై ఏళ్ళలో చెస్ట్‌నట్ చెట్లను దాదాపు తుడిచిపెట్టింది. దస్తావేజులో చెట్టుంది, కొండ మీద లేదు.

మా ఆఫీసుకూ ఒకసారి ‘తూర్పు: చింతచెట్టు’ అన్న కాగితం పట్టుకుని అన్నదమ్ములిద్దరు పోట్లాడుకుంటూ వచ్చారు. చెట్టు ఎప్పుడో కొట్టేశారు. సర్వేయరు ఎఫ్.ఎం.బి. నకలు తీసుకెళ్ళి, ఒక్క పూటలో మట్టి తవ్వి రాయి చూపించాడు. అపలాచియన్ రైతుకు ఆ రాయి లేదు.

కౌంటీ కోర్టు గుమాస్తా తన ముందుకొచ్చిన దస్తావేజును పుస్తకంలో ఎక్కించేవాడు. అమ్మినవాడికి హక్కుందా అని అడగడం అతని పని కాదు. ఆ మాటకొస్తే మన సబ్‌రిజిస్ట్రారూ హక్కుకు పూచీ ఇవ్వడు. కానీ పక్కనే రెవెన్యూ రికార్డు ఉంటుంది. అక్కడ అమ్మినవారి, కొన్నవారి పేర్ల సూచిక పట్టుకుని తాతల దాకా వెతుక్కోవలసిందే. స్వయంగా సర్వేయరుగా పనిచేసిన డేనియల్ బూన్ అంతటివాడే కెంటకీలో భూములు పోగొట్టుకుని 1799లో మిస్సోరీకి వెళ్ళిపోయాడు. అబ్రహాం లింకన్ తండ్రి 1816లో కెంటకీ విడవడానికీ ముఖ్యకారణం పట్టా చిక్కులే.

అంతకన్నా పెద్ద దెబ్బ పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. బొగ్గు ఏజెంట్లు ఎకరానికి అర డాలరు మొదలు కొద్ది డాలర్లిచ్చి భూగర్భ హక్కులు రాయించుకున్నారు. చదువురానివారు సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టారు. పైభూమి రైతుది, కింది బొగ్గు కంపెనీది. బొగ్గు తీయడానికి ఏది అవసరమైతే అది చేసుకోవచ్చునని అందులో ఉంది. అప్పటికి పలుగుతో సొరంగం తవ్వడమే రైతుకు తెలుసు. తరవాత బుల్‌డోజర్లు వచ్చాయి. రైతు ఒప్పుకోకపోయినా పైభూమిని తవ్వుకోవచ్చునని 1956లో కెంటకీ అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. 1965లో నాట్ కౌంటీలో ఆలీ కోంబ్స్ అనే వితంతువు తన ఇంటి పైనున్న కొండ మీద బుల్‌డోజరుకు అడ్డంగా కూర్చుంటే పోలీసులు ఎత్తుకుని తీసుకుపోయి జైల్లో పెట్టారు.

తరవాత స్థానికులే ఆరు రాష్ట్రాల్లో 80 కౌంటీల పన్ను పుస్తకాలు తిరగేశారు. 1981లో వెలువడిన ఆ నివేదికలో తేలిందేమంటే, భూమిలో, ఖనిజాల్లో చాలాభాగం బయటివారిది. ఖనిజాల మీద పన్ను నామమాత్రం. 1988లో కెంటకీ ఓటర్లు రాజ్యాంగాన్నే సవరించారు. దస్తావేజు వేరుగా స్పష్టం చేస్తే తప్ప, అది రాసిననాటికి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న పద్ధతుల్లోనే బొగ్గు తీయాలన్నారు. 1993లో న్యాయస్థానం దాన్ని సమర్థించింది. ఆలీ కోంబ్స్ జైలుకు వెళ్ళి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు.