నీళ్ళలో ఉన్న నాలుగో మనిషి



న్యూయార్క్ నగరంలో, మాన్‌హట్టన్ దక్షిణపు కొసన, సముద్రపు ఒడ్డున బ్యాటరీ పార్క్ ఉంది. యుద్ధాల్లో చనిపోయినవారి జ్ఞాపకార్థం కట్టినవి అందులో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఒడ్డు మీద కాక నీళ్ళలో, రాళ్ళ కట్ట మీద నిలిచి ఉంటుంది. మునిగిపోతున్న పడవ, దాని మీద ముగ్గురు కంచు మనుషులు. ఒకడు కేక వేస్తున్నాడు. ఒకడు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇంకొకడు బోర్లా పడుకుని, నీళ్ళలో ఉన్న నాలుగోవాడికి చేయి చాస్తున్నాడు. సముద్రం పోటెత్తినప్పుడల్లా ఆ నాలుగోవాడు మునిగిపోతాడు, ఆటు వచ్చినప్పుడు మళ్ళీ కనిపిస్తాడు.

ఇది సరుకు ఓడల్లో పనిచేసినవారి స్మారకం. వెనిజులా తల్లిదండ్రుల బిడ్డ మారిసోల్ ఎస్కోబార్ చేసిన ఈ శిల్పాన్ని 1991లో ప్రతిష్ఠించారు. ఆమెకు ఆధారం ఒక ఫోటో. 1942 మార్చి 22, ఆదివారం. వెనిజులా నుండి ముడి చమురు తీసుకెళ్తున్న మస్కోగీ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి యు-123 టార్పెడోతో ముంచింది. తెప్ప మీద మిగిలినవారిని జలాంతర్గామి మీద నుండే ఫోటో తీశారు. ఆ ఓడలోని 34 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. వారి చివరి ముఖాలను మనకు దక్కించింది శత్రువు కెమెరాయే. ఈ సంగతి తెలిసినప్పటి నుండి మేము దాన్ని మరచిపోలేకపోతున్నాము.

సైనికుడికి తుపాకీ, తిండి, మందు, పెట్రోలు చేర్చింది ఈ ఓడవారే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సరుకు ఓడలవారు ప్రతి 26 మందికి ఒకరు చొప్పున చనిపోయారని లెక్క చెబుతారు. అయినా సైన్యం తప్పించుకోవడానికి ఓడెక్కారనీ, ఎక్కువ జీతానికి ఆశపడ్డారనీ అన్నవారున్నారు. 1944లో తిరిగొచ్చిన సైనికులకు చదువు, ఇల్లు ఇచ్చే చట్టం వచ్చింది, అందులో వీరు లేరు. కోర్టుకు వెళ్ళి పోరాడాక 1988లో గాని వీరిని మాజీ సైనికులుగా ఒప్పుకోలేదు. అప్పటికి ఎంతమంది తల్లులు, భార్యలు కన్నుమూశారో!

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మళ్ళీ తీసి చూశాము. లూకా ఎంత జాగ్రత్తగా రాస్తాడో మీకు తెలుసు. శతాధిపతి యూలి పేరు రాశాడు, అరిస్తార్కు పేరు రాశాడు, ఓడలో 276 మంది ఉన్నారని లెక్కతో సహా రాశాడు. ఓడ నడిపినవాని పేరు మాత్రం రాయలేదు. ఓడవారు పారిపోజూశారన్న మాట మాత్రం ఉంది. అది నిజమే, లూకా కళ్ళారా చూశాడు. కానీ పద్నాలుగు రాత్రులు ఆ తుపానులో ఓడను నిలబెట్టినవారిలో వాళ్ళూ ఉన్నారు గదా! ఇన్నేళ్ళు ప్రసంగించి కూడా మేము దాని మీద ఒక్క మాట చెప్పలేదు.

ఇది దూరదేశపు సంగతి అనుకోవద్దు. మస్కోగీ మునిగిన రెండు వారాలకు, ఈస్టర్ మరునాడు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఎన్నో సరుకు ఓడలు మునిగిపోయాయి. ఆ యుద్ధంలో బ్రిటిషు ఓడల్లో బొగ్గు ఎత్తుతూ, వంట చేస్తూ వేలమంది భారతీయులు చనిపోయారు.

మన సంఘాల్లోనూ షిప్పు మీదికి వెళ్ళిన బిడ్డలున్నారు. సైనికుల కోసం ప్రతి ఆదివారం ప్రార్థిస్తున్నాము, వీళ్ళ కోసం చేయలేదు. తప్పు మాదే. మీ కొడుకు పేరు, అతడున్న ఓడ పేరు ఒక కాగితం మీద రాసి శనివారం సాయంత్రానికి మాకు అందజేయండి. ఆదివారం 107వ కీర్తన చదివిన తరువాత ఆ పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాము.