హెలికాప్టర్ నుంచే డ్రోన్ల నియంత్రణ: కాక్‌పిట్ రూపకల్పన చరిత్ర

గాలిలో ఉన్న హెలికాప్టర్ సిబ్బందే డ్రోన్‌ను కూడా నడిపించేలా తెరలు, పిడులు, ఆదేశాల పద్ధతి అమర్చే విద్య ఇది. ప్రధానంగా అమెరికా సైన్యంలో ఎదిగింది. జర్మనీలో దీనికి సిద్ధాంతబలం చేకూరింది.

అసలు చిక్కు మనిషి దృష్టితోనే. యుద్ధ హెలికాప్టర్ చెట్ల ఎత్తులో ఎగురుతుంది. కరెంటు తీగలు, కొండ అంచులు, ఆగని రేడియో మాటల మధ్య పైలట్‌కు క్షణం తీరిక ఉండదు. నేల మీది కేంద్రంలోనైతే పెద్ద డ్రోన్ ఒక్కదానికే ఒకరు ప్రయాణాన్ని, మరొకరు కెమెరాను చూసుకుంటారు. ఆ పనినంతా ఇద్దరే కూర్చునే కాక్‌పిట్‌లోకి ఎలా తేవాలన్నదే ఈ రంగానికి మొదటి ప్రశ్న.

1990లలో అమెరికా సైన్యం చేపట్టిన ‘రోటర్‌క్రాఫ్ట్ పైలట్స్ అసోసియేట్’ పథకం దారి చూపింది. సిబ్బంది ఏ పనిలో ఉన్నారో కంప్యూటర్ అంచనా వేసి, దానికి తగిన సమాచారాన్ని తెరపైకి తేవాలన్నది దాని ముఖ్య ఆలోచన. తర్వాత ఇరాక్ యుద్ధకాలంలో డ్రోన్ వీడియో నేరుగా ఆపాచీ హెలికాప్టర్లకు చేరింది. అంతకుముందు రేడియోలో మాటలతో వర్ణిస్తే ఊహించుకోవాల్సిన దృశ్యం కళ్లెదుటే కనిపించసాగింది.

నాటో 4586 ప్రమాణం ఈ నియంత్రణను అయిదు స్థాయులుగా విభజించింది. సమాచారం పరోక్షంగా అందితే మొదటి స్థాయి, నేరుగా అందితే రెండోది. కెమెరాను తిప్పగలిగితే మూడోది, ప్రయాణాన్నీ నిర్దేశిస్తే నాలుగోది, టేకాఫ్, ల్యాండింగ్ కూడా చేతికొస్తే అయిదోది. 2011లో సైన్యానికి అందడం మొదలైన ఆపాచీ ఏహెచ్-64ఈ నాలుగో స్థాయికి చేరింది. ముందు సీట్లోని గన్నర్ సొంత కెమెరాను తిప్పే పిడులతోనే డ్రోన్ కెమెరానూ తిప్పగలడు. కొత్త మీటలు పెట్టకుండా చేతికి అలవాటైన వాటికే పని అప్పగించడం తెలివైన నిర్ణయం. అయినా డ్రోన్ చూపు వెంట వెళ్లినంతసేపు గన్నర్ కళ్లు తన చుట్టూ ఉన్న నేలకు దూరమవుతాయి.

ఆ లోటుకు గట్టి జవాబు మ్యూనిక్‌లోని జర్మన్ సైనిక విశ్వవిద్యాలయంలో ఆక్సెల్ షుల్టే బృందం నుంచి వచ్చింది. డ్రోన్‌ను నడపడం మాని దానికి పని చెప్పాలన్నది వారి మార్గం. ‘ఈ దారిని గాలించు’ అని కమాండర్ ఆదేశిస్తే ఎలా వెళ్లాలో డ్రోన్ తేల్చుకుంటుంది. ఒకే సిబ్బంది పలు డ్రోన్లను నడిపే పద్ధతిని సిమ్యులేటర్‌లో సైనిక పైలట్లతోనే పరీక్షించారు. కాక్‌పిట్‌లోని సహాయక వ్యవస్థ అనవసరంగా జోక్యం చేసుకోదు. ముఖ్యమైనది మరుగున పడితే ముందు గుర్తుచేస్తుంది, భారం పెరిగితే పనిని సులువు చేస్తుంది, అదీ చాలకపోతేనే తానే చేస్తుంది. యంత్రానికి అంతా వదిలేస్తే ఆపదవేళ మనిషి అక్కరకు రాడని 1983లోనే మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ హెచ్చరించారు; ఈ మెట్ల వరుస ఆ ప్రమాదాన్ని పట్టించుకుంది.

2018లో ఎయిర్‌బస్ హెచ్145 హెలికాప్టర్ నుంచి షీబెల్ సంస్థ ఎస్-100 డ్రోన్‌ను అయిదో స్థాయి వరకూ నియంత్రించి చూపారు. సిబ్బందిపై పడే పనిభారాన్ని లోతుగా పరిశీలించి కాక్‌పిట్ అమరికను మెరుగుపరచడమే తర్వాతి అడుగని ఎయిర్‌బస్ అప్పుడే ప్రకటించింది.