మన్రోలప్ప పేరూ, మన్రో శిస్తూ

రాయలసీమలో ఒకప్పుడు కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గండి దగ్గర కొండల నడుమ బంగారు తోరణం మన్రో దొర కంటబడిందని, దాన్ని చూసినవాడు ఎక్కువకాలం బతకడని కడప సీమలో ఒక కథ ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి లేచివచ్చి ఆయనతో మాట్లాడాడని మరొక కథ. కత్తితో వచ్చి శిస్తు లెక్కతో స్థిరపడిన తెల్లదొర మన జనం పురాణాల్లోకి ఎలా ఎక్కాడు? మూఢనమ్మకమని నవ్వి తోసిపుచ్చితే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో ఒక వర్తకుని ఇంట పుట్టాడు. తండ్రి వ్యాపారం అమెరికాలోని వర్జీనియాతో. అమెరికన్లు స్వాతంత్ర్యయుద్ధం ప్రారంభించేసరికి ఆ వ్యాపారం కూలింది. అక్కడి వలస ప్రజల తిరుగుబాటుతో దివాలా తీసిన ఇంటి కుర్రవాడు ఇక్కడి ప్రజలను లొంగదీసే కొలువు వెతుక్కుంటూ 1780లో మద్రాసులో దిగాడు. కంపెనీ పదాతిదళంలో కేడెట్‌గా చేరి హైదరాలీతోనూ, తరువాత టిప్పుతోనూ యుద్ధాలు చేశాడు. 1792లో టిప్పు నుంచి బారామహల్ చేతికి రాగానే కెప్టెన్ రీడ్ కింద అక్కడి శిస్తు బందోబస్తుకు వెళ్లాడు. సైనికుడు కలెక్టరైన క్షణం ఇదే. గెలిచిన నేలను కొలవడం గెలవడంలో రెండో భాగమని కంపెనీకి బాగా తెలుసు.

ఎర్రుపాలెం వైపు నుంచి చూసేవారికి ఇదంతా పరాయి సీమ కథగా తోచవచ్చు. కాని ఈ కథలోని అసలు దస్తావేజు మన నైజాముదే. టిప్పును ఓడించినందుకు వాటాగా వచ్చిన బళ్లారి, కడప సీమలను నైజాము 1800 అక్టోబరులో కంపెనీకి రాసిచ్చాడు. తన కొలువులో ఉంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద. రైతును అడిగినవాడు లేడు. 'దత్తమండలాలు' అనే ఆ అవమానకరమైన పేరు 1928లో నంద్యాల సభ 'రాయలసీమ' అనేదాకా నిలిచింది.

ఆ మండలాలకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. 1807 వరకు ఉన్నాడు. అప్పటికక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు. వాళ్లను ప్రజావీరులుగా చిత్రించడం మనలో కొందరికి ఈ మధ్య సరదా అయింది కాని, పాలెగాడి దోపిడి రైతుకు అనుభవంలో ఉన్నదే. మన్రో వారి సైన్యాలను రద్దుచేసి, కొందరిని వెళ్లగొట్టి, కొందరిని పింఛనుదార్లుగా మార్చాడు. ఆయన పద్ధతులను లండనులోని డైరెక్టర్లే తప్పుపట్టారు. అయితే ఎదురుతిరిగింది పాలెగాళ్లే కాదు. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు ఇవ్వమన్నారు, తహసీలుదారును చంపారు. మొదట వచ్చిన పటాలాన్ని తిప్పికొట్టారు. పెద్ద బలగం వచ్చి ఊరిని పట్టుకుంది. రైత్వారీ చరిత్ర చెప్పేవారు ఈ ఊరిని సామాన్యంగా దాటిపోతారు.

పాలెగాళ్లు తొలగాక మన్రో భూమి కొలిపించాడు. గొలుసు పట్టిన మనుషులు ఒక్కొక్క పొలాన్నీ కొలిచారు, నేల తరగతి నిర్ణయించారు, తీరువ కట్టారు. జమీందారు లేకుండా సర్కారుకూ రైతుకూ సూటి సంబంధం. ఏళ్ల తరబడి డేరాల్లో తిరుగుతూ, రైతులతో వాళ్ల భాషలోనే మాట్లాడిన కలెక్టరు ఆ జనానికి కొత్త. పాలెగాడు ఎప్పుడు వచ్చి ఎంత అడుగుతాడో తెలియని రైతుకు, ఎంత చెల్లించాలో ముందే తెలియడం చిన్న విషయం కాదు. మన్రోలప్ప పేరు పుట్టిన మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కాని లెక్క చూడాలి. మన్రో కట్టిన తీరువ స్థూల పంటలో ఇంచుమించు నూటికి 45 వంతులు. విత్తనం, ఎద్దులు, కూలి అన్నీ మిగిలిన దానిలోంచే. పైగా, ఒక రైతు శిస్తు కట్టలేకపోతే ఆ లోటును ఊళ్లోని తక్కినవారిపై నూటికి 10 వంతుల దాకా అదనంగా వేయవచ్చు. వ్యక్తిగతమైన పట్టా, ఉమ్మడి పూచీ! ఏడేళ్లలో భూమిశిస్తు ఏటా 10 లక్షల స్టార్ పగోడాల నుంచి 15 లక్షలకు పెరిగింది.

ఈ భారం ఎక్కువని మన్రోకు తెలియదా? తెలుసు. 1807లో వెళ్లిపోయేముందు తానే రాశాడు: తీరువ నాలుగో వంతు తగ్గించాలి, బావుల కింది భూములకు మరికొంత తగ్గించాలి, సర్కారు వాటా మూడో వంతుకు దించాలి. కంపెనీకి యుద్ధాలకు డబ్బు కావాలి; సలహాను పక్కకు పెట్టి, ఊళ్లను గుత్తలకిచ్చి, మొదట 3 ఏళ్లు, తరువాత 10 ఏళ్లు పాడుచేసింది. 1820లో మన్రో గవర్నరై తిరిగివచ్చాకనే ఆ తగ్గింపు అమలుకొచ్చింది. జనం జ్ఞాపకంలో నిలిచింది ఈ తగ్గింపు. ఎక్కువ కట్టిన చేయీ, పదమూడేళ్లకు తగ్గించిన చేయీ ఒకటేనన్నది నిలవలేదు. పాలకుని దయ అనేది చాలాసార్లు ఇలా ముందుగా అధికంగా తీసుకున్నదాన్ని కొంత తిరిగి ఇవ్వడమే.

గవర్నరుగా ఆయన చేసిన మంచిని దాచనక్కరలేదు. 1822లో దేశీయ పాఠశాలల లెక్క తీయించాడు. రాజధాని మొత్తంలో 12,498 బడులు తేలాయి. ఇంగ్లీషువాడు రాకముందు ఇక్కడ చదువే లేదనేవారికి ఆ పట్టికే జవాబు, అందులో ఏ కులాల పిల్లలు ఎందరో చూస్తే మనకూ తల వంచుకోవలసిన సంగతులున్నాయి. భారతీయులను పెద్ద ఉద్యోగాలకు దూరంగా ఉంచితే జాతి దిగజారుతుందని 1824లో రాశాడు. అదే మనిషి 1822లో పత్రికాస్వేచ్ఛను కాదన్నాడు. కారణం దాచలేదు: పరాయి పాలనా, స్వేచ్ఛగల పత్రికా ఒకచోట ఇమడవు, స్వేచ్ఛాభావాలు ముందు సిపాయీల్లోనే పుడతాయి. సామ్రాజ్యవాదాన్ని ఇంత నిష్కపటంగా చెప్పినవారు అరుదు. మన ఉదారవాదులు ఆయన 1824 మాటలను ఉదహరిస్తారు, 1822 మాటలను వదిలేస్తారు. రెంటినీ రాసిన కలం ఒకటే, రెంటి లక్ష్యమూ ఒకటే: పాలన ఎక్కువకాలం సాగాలి.

1827 జూలై 6న దత్తమండలాల పర్యటనలో పత్తికొండ వద్ద కలరాతో మన్రో చనిపోయాడు. తెర్నేకల్లు అక్కడికి దగ్గరే. మద్రాసులో గుర్రంపై విగ్రహం వెలిసింది.

ఆయన వెనుక ఏం మిగిలింది? జమీందారు లేని చోట తహసీలుదారు మిగిలాడు. శిస్తు వసూలు కోసం రైతులను ఎండలో వంచి నిలబెట్టడం, వేళ్లకు కిట్టి బిగించడం రెవెన్యూ నౌకర్ల నిత్యకృత్యమని 1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ సర్కారుకే నివేదించింది. ఇంగ్లీషు భూస్వామిని జమీందారీ ఎలా వికృతం చేసిందో, ఫ్రెంచి రైతును రైత్వారీ అలాగే వికృతం చేసిందని మార్క్స్ 1853లోనే గుర్తించాడు.

పింఛనుదార్ల కథా మిగిలింది. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనుమడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర. ఇనాములను కంపెనీ తిరిగి లాక్కుంటున్న రోజుల్లో, 1846లో, ఆయన తిరగబడితే వెంట నడిచినవారిలో రైతులూ, కట్టుబడి బంట్రోతులూ ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. తలను 1877 దాకా అక్కడి కోటగుమ్మానికి వేలాడదీసి ఉంచారు.