‘ఇన్ ద లైమ్‌లైట్’: ఆ వెలుగులో ఎవరికి చోటు?

‘ఇన్ ద లైమ్‌లైట్’ అన్న ఇంగ్లిషు పలుకుబడికి ‘నలుగురి దృష్టిలో ఉండటం’ అని అర్థం చెప్పి సరిపెట్టుకుంటాం. అర్థం తప్పు కాదు గానీ, ఆ చోట ఎవరు ఉండగలరన్నది అందులో తేలదు. ఈ పలుకుబడి ముఖ్యంగా మనుషులకే వర్తిస్తుందనీ, అందుకు కారణం అది పుట్టిన నాటకశాలలోనే దొరుకుతుందనీ ఈ వ్యాసం వాదం.

ఇక్కడ లైమ్ అంటే నిమ్మ కాదు, సున్నం. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి మండే మంట సోకితే సున్నపు దిమ్మ కళ్లు చెదిరేంత తెల్లగా వెలుగుతుంది. సుమారు 2,600 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు కనుక ఆ వేడికి తట్టుకుంటుంది. థామస్ డ్రమండ్ దీన్ని మొదట ఐర్లండ్ భూసర్వేకు వాడాడు. 1825లో అతను స్లీవ్ స్నాట్ కొండ మీద వెలిగించిన దీపం అరవై మైళ్లకు పైగా దూరాన, బెల్‌ఫాస్ట్ దగ్గరి డివిస్ కొండ మీదికి కనిపించింది. 1837 నాటికి ఈ తరహా దీపం లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్‌కు చేరింది.

థియేటర్లో దీపానికొక మనిషి కావాలి. మంట ఒకే చోట తగిలితే దిమ్మ గుంటపడి వెలుగు తగ్గుతుంది. అందుకని దిమ్మను కొద్దికొద్దిగా తిప్పుతుండాలి, వాయువు సంచుల మీది బరువులు చూసుకోవాలి, కటకంతో కిరణాలను ఒకచోటికి చేర్చి నటి ఎటు నడిస్తే అటు మళ్లించాలి. మిగతావాళ్లు మామూలు గ్యాసు దీపాల వెలుతురులో మసగ్గా ఉండిపోతారు. విద్యుత్తు వచ్చాక సున్నం పోయినా, నటుల వెంట తిప్పే దీపాన్ని (ఫాలోస్పాట్‌ను) ‘లైమ్’ అనడం బ్రిటిష్ థియేటర్ పనివాళ్లలో మిగిలింది.

మనిషిని వెంటాడిన వెలుగు గనకే ఇంగ్లిషులో లైమ్‌లైట్‌ను కొట్టేస్తారు, ఒక్కరే ఆక్రమిస్తారు, కొందరు తప్పించుకు తిరుగుతారు. స్పాట్‌లైట్ తీరు కొంత వేరు. దాన్ని సమస్య మీదా వేయొచ్చు, తప్పు మీదా వేయొచ్చు. మొదటిది హోదా అయితే రెండోది చాలాసార్లు తనిఖీ.

తెలుగు పత్రికల భాషలో ఈ తేడా మరింత స్పష్టం. ‘ఆలస్యంగా వెలుగులోకి వచ్చింది’ అనేది నేరవార్తల వాక్యం. హీరోయిన్ మాత్రం ‘లైమ్‌లైట్‌లోకి’ వస్తుంది. తారుమారు చేసి చూడండి: కుంభకోణం లైమ్‌లైట్‌లోకి వచ్చిందంటే నవ్వొస్తుంది, హీరోయిన్ వెలుగులోకి వచ్చిందంటే ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో అనిపిస్తుంది. మరుగునపడిన కవిని ‘వెలుగులోకి తెచ్చారు’ అంటాం నిజమే, కానీ అక్కడ కవి తవ్వితీసిన శాసనంతో సమానం. కాబట్టి ఈ అరువు మాటను ఫ్యాషన్ అని కొట్టిపారేయలేం. మన ‘వెలుగు’ చేయని పని అది చేస్తోంది.

మన రంగస్థలం మీదా ఇలాంటి వెలుగు లేకపోలేదు. భాగవత ప్రదర్శనల్లో పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీల మీద గుగ్గిలం చల్లి మంట భగ్గుమనిపించేవారు. అది ప్రవేశానికే పరిమితం, నటుడి వెంట నడిచేది కాదు. మన రంగస్థలం ఇచ్చిన మాట నిష్క్రమణకు ఉంది: తెరమరుగు. ఇది మాత్రం మనిషికీ విషయానికీ తేడా చూడదు. నిన్నటి హీరో తెరమరుగవుతాడు, నిన్నటి కేసూ తెరమరుగవుతుంది.