మూసీ గట్టున గుమ్మటాల నడక

ఇండో-సారసెనిక్ శైలి పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ వాస్తుశిల్పుల చేతుల్లో రూపుదిద్దుకుంది. మొగలుల, దక్కను సుల్తానుల కట్టడాల్లోని గుమ్మటాలు, మొనదేలిన కమానులు, ఛత్రీలు, జాలీలు పైకి కనిపిస్తాయి. లోపలి అమరిక మాత్రం కచేరీకో, కళాశాలకో, రైల్వేస్టేషనుకో తగినట్టు ఐరోపా పద్ధతిలో ఉంటుంది. 1768లో ఆర్కాటు నవాబు కోసం మద్రాసులో లేచిన చేపాక్ భవనాన్ని దీనికి తొలి నమూనాగా చెబుతారు. 1857 తిరుగుబాటు తర్వాత, మొగలుల వారసులు తామేనని చాటుకోవలసిన అవసరం తెల్లవారికి కలిగింది. అప్పటి నుంచి ఇది సర్కారీ శైలి అయింది. మద్రాసు సెనేట్ హౌస్ (1879) కట్టిన రాబర్ట్ చిషోమ్ దాన్ని నిలదొక్కుకునేలా చేసినవారిలో ముఖ్యుడు.

హైదరాబాదులో దీనికి దారి తీసింది వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పాడుపడిన గట్లను తీర్చిదిద్దడానికి పూనుకుంది. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్‌ను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొత్త కట్టడాల కోసం 1914లో రప్పించాడు.

కాచిగూడ స్టేషను (1916) కూడా ఎష్ పనే గానీ, నడిచి చూసేవారికి అది దూరం. నయాపుల్ వంతెన దగ్గర మొదలయ్యే నడకలో ముందుగా వచ్చేది దక్షిణ గట్టున హైకోర్టు. నమూనా గీసింది జయపూరు వాస్తుశిల్పి శంకర్‌లాల్, కట్టించింది ఎష్. ఎర్ర ఇసుకరాయి, లేతగులాబీ గ్రానైటు కలిపి కట్టిన ఈ భవనం 1920 ఏప్రిల్ 20న తెరుచుకుంది. 1956 నుంచి 2018 చివరి దాకా బందరు, గుడివాడ కక్షిదారులు అప్పీళ్లకు ఎక్కిన మెట్లు ఇవే. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుపడి అమరావతికి మారింది.

దాని పక్కనే సిటీ కాలేజీ. పాత దారుల్ ఉలూమ్ మదరసాకు కొనసాగింపుగా, 1921లో సిటీ హైస్కూలు పేరుతో ఈ భవనంలోకి వచ్చింది. మద్రాసులో ఈ శైలి పరాయి పాలకుడు కట్టిన దేశీ వేషంలా తోస్తుంది. ఇక్కడ ఆ మాట అంత సులువుగా అనలేం: చార్మినారు నడక దూరంలోనే ఉంది, కట్టించినవాడు దక్కను ప్రభువు, ఇంగ్లీషు వాస్తుశిల్పి అతని ఉద్యోగి.

వంతెన దాటితే ఉత్తర గట్టున, అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి. 1925 నాటికి పూర్తయింది. వరదనాడు సుమారు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు దీని ఆవరణలోనే ఉంది. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. కూల్చాలా, నిలపాలా అన్న వాదన కోర్టుకెక్కింది. కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది.